అడుగులేని ముంత

నిన్నంతా సుషిమా సముద్రంలో మన జపాన్ ఓడలూ రష్యా ఓడలూ కొట్టుకున్నాయి. తెల్లారేసరికి ఫిరంగుల మోత ఆగింది.

ఇసోకిచి పడవ తీశాడు. వల పేరుకే. కొడుకు తొరాజో పనిచేసే యుద్ధపడవ మునిగిందని రేవులో చెప్పుకుంటున్నారు.

"ఈ పొగమంచులో ఏం కనబడుతుంది బావా?" అన్నాడు తెడ్డు వేస్తున్న బావమరిది కన్సుకే.

"నా కొడుకు నాకు కనబడతాడు. నువ్వు నోర్మూసుకుని తెడ్డు వెయ్యి."

చెక్క ముక్కలు తేలుతూ వచ్చాయి. ఆ వెనక మంచులో ఒక ఆకారం.

నడుము పైభాగమే నీళ్లమీద ఉంది. ముఖమంతా మసి. గొంతు పెగలడం లేదు. నీళ్లు తోడుతున్నట్టు చెయ్యి వంచి లేపుతోంది. మళ్లీ మళ్లీ అదే.

కన్సుకే తెడ్డు ఆపేశాడు.

"ముంత అడుగుతోంది బావా."

సముద్రంలో చచ్చినవాళ్లు ముంత అడుగుతారు. ఇచ్చామా, దాంతోనే మన పడవలో నీళ్లు నింపి ముంచేస్తారు. అందుకే మా తీరంలో ప్రతి పడవలోనూ అడుగు ఊడదీసిన ముంత ఒకటి ఉంటుంది.

"మనిషేమోరా," అన్నాడు ఇసోకిచి. నీళ్లు తోడుకునే మంచి ముంత కాళ్ల దగ్గరే ఉంది. చెయ్యి దానిమీదికే పోయింది.

"నడిసముద్రంలో నడుంలోతున నిలబడే మనిషిని ఎక్కడైనా చూశావా? మనం మునిగితే నీ కొడుకుని వెతికేదెవరు?"

ఆ మాటకి ఇసోకిచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అడుగులేని ముంత తీసి విసిరాడు.

ఆ ఆకారం రెండు చేతులా అందుకుని, తల వంచింది.

"దయ్యం దణ్ణం పెడుతుందేంట్రా?"

"వెనక్కి చూడకు బావా. పద."

మధ్యాహ్నానికి మంచు విడింది. అంచులదాకా మునిగిన రష్యా పడవ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అందులో ఇద్దరున్నారు.

బల్లమీద పడుకున్నవాణ్ణి చూసి ఇసోకిచి నీళ్లలోకి పరిగెత్తాడు. తొరాజో. కాలికి ఎవరిదో చొక్కాముక్క కట్టి ఉంది. ప్రాణం ఉంది. కొడుకుని వాటేసుకుని భోరుమన్నాడు.

"మునిగిపోతుంటే ఆ రష్యావాడే లాగి పడవలో వేసుకున్నాడు నాన్నా. పడవకి చిల్లి. ఎవరో పుణ్యాత్ములు ముంత విసిరారు. పొద్దుట్నుంచీ తోడుతూనే ఉన్నాడు. ఇందాకే ఒరిగాడు. కాస్త లేపు నాన్నా."

కన్సుకే ఆ మనిషి మెడమీద చెయ్యి పెట్టి చూశాడు. ఆ కళ్లు మూసి చెయ్యి తీసేశాడు.

బిగుసుకున్న ఆ పిడికిట్లో ముంత అలాగే ఉంది, అడుగు లేనిచోట అతని టోపీ కుక్కి ఉంది.