ముట్టు

"ముట్టయినవన్నట్టు! ఇంక బాగైనట్టే. నడువు, ఇంటికి పోదాం," అన్నాడు సిద్దిరాములు, వాకిట్లో విడిగా కూర్చున్న భార్యను చూసి.

ఆండాళు కడుపులో పిల్లకు బదులు పెరిగిన నీటిబుడగల గుత్తిని పట్నం దవాఖానలో తీసేశారు. అప్పటి నుంచి ఆమె మోత్కూరులో తల్లి దగ్గరే ఉంటోంది.

"ఏడాది దాంక కడుపు రావద్దన్నది డాక్టరమ్మ. మల్ల గదే పెరిగితే పానం పోతదట," అంది ఆండాళు.

"గన్ని దినాలు మా అమ్మ ఆగదు. ఇంకొకదాన్ని తెస్తది."

ఆండాళు మెల్లగా లేచింది. "వస్త," అంది.

తల్లి రామమ్మ గబగబా గడప దిగింది. ముట్టయిన బిడ్డకు దూరం నుంచే అన్నం పెట్టే మనిషి, అల్లుడి ముందే ఆండాళును గట్టిగా పట్టుకుంది.

"తెచ్చుకోమను అల్లుడా. నా బిడ్డ నాకు బతికుండాలె."

సిద్దిరాములు వెళ్లిపోయాడు. ఆండాళు వెక్కి వెక్కి ఏడ్చింది. రామమ్మ ఆమెను విడవలేదు.