రెండో స్వరం

రాత్రి ఒంటిగంట దాటింది. కంప్యూటర్లో సింథసైజర్ తెరిచి, ఇంతవరకూ ఎవరూ వినని శబ్దం ఒకటి పుట్టించాలని తంటాలు పడుతున్నాను. పక్కగదిలో నాన్న పడుకున్నాడు. నలభై ఏళ్లు పియానోలు శ్రుతి చేసిన మనిషి. పక్షవాతం వచ్చాక ఎనిమిది నెలలుగా ఆయన నోట మాట లేదు. నిద్ర చెడగొట్టడమెందుకని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

ఒకే స్వరాన్ని రెండుసార్లు పేర్చి, రెండోదాన్ని వెంట్రుకవాసి పైకి జరిపాను. శబ్దం ఊపిరి తీసుకుంటున్నట్టు అలలు అలలుగా అదిరింది. నాకు నచ్చింది. నాన్న వింటే మాత్రం చీవాట్లే. ఆ అదురు పోగొట్టడమే ఆయన బతుకంతా చేసిన పని.

కీ మీంచి వేలు తీసి, హెడ్‌ఫోన్స్ మెడలోకి లాగాను. ఆ స్వరం ఇంకా వినిపిస్తోంది. గోడ అవతల, సన్నగా, మనిషి గొంతుతో.

వైరు చూశాను. గట్టిగానే బిగించి ఉంది. పిసరంత చప్పుడు కూడా బయటికి పోయే వీల్లేదు.

"నాన్నా?"

కూనిరాగం ఆగింది. మంచం కిర్రుమంది.

"రెండోది... దించవే, చిన్నీ. కొంచెం."

నేను ఏ కీ నొక్కలేదు. తెరమీద రెండో స్వరాన్ని జరిపే మీటను మాత్రం కొంచెం కిందికి జరిపాను. గదిలో ఏ శబ్దమూ లేదు.

"ఆఁ... అదీ," అన్నాడు నాన్న.