దొడ్డప్పకూ నరసింహప్పకూ కుస్తీ

తాంబూలం నమిలి మింగాక గాని వెంకటగిరియప్పకు తెలియలేదు, తాను నరసింహప్పతో కుస్తీకి ఒప్పుకున్నానని.

పేరు ఉన్నంత పొడవు మనిషి కాదు వెంకటగిరియప్ప. చిక్కపేటలో ఒక బట్టల అంగట్లో గుమాస్తా. యుద్ధం రోజులు, రేషన్ బియ్యం తిన్న ఒళ్లు. గాలి గట్టిగా వీస్తే గోడ పట్టుకునే రకం. నరసింహప్ప అంటారా, బెంగళూరు పేటలన్నిటికీ మొనగాడు. పోయిన దసరాకు ఒకడి భుజం ఎముక విరిచి, పాపమని తనే మోసుకెళ్లి కట్టు కట్టించాడు.

తప్పంతా నోటిది. లంగోటీలకు ఎర్రగుడ్డ ఇచ్చి రమ్మని యజమాని పంపితే కుస్తీలు నేర్పే గరిడీకి వెళ్లాడు. అక్కడ సాము చాలించిన వాళ్లంతా మట్టి ఒళ్లతోనే కూర్చుని వాదించుకుంటున్నారు. వెనకటికి రాణీగారు ఏలిన కాలంలో ఈ గరిడీకి పేరు తెచ్చిన దొడ్డప్ప పైల్వాను ఇప్పుడు బతికొచ్చి నరసింహప్పతో తలపడితే గెలుపెవరిది?

ఆ దొడ్డప్ప వెంకటగిరియప్పకు సొంత తాత. ఇచ్చే గుడ్డ ఇచ్చేసి తన దారిన తాను పోవచ్చు గదా!

“మా తాత ముందర ఎంతమంది మట్టి కరిచినారో మీకేమి తెలుసప్పా?” అని అందుకున్నాడు. ఇక అతని మాటల్లో పట్టు మీద పట్టు. తాత నరసింహప్ప మెడ మీద చెయ్యి వేశాడు. నడుం పట్టాడు. గిరగిరా తిప్పాడు. వెల్లకిలా పడేశాడు. తాతను అతను చూసింది లేదు, కుస్తీ అంతకన్నా చూడలేదు. అవ్వ సొన్నమ్మ అతణ్ణి చిన్నప్పటి నుంచీ గరిడీ గడప తొక్కనిచ్చేది కాదు.

నరసింహప్ప నవ్వుతూ విన్నాడు. గరిడీ పెద్ద పాపయ్య మాత్రం నవ్వలేదు. తన శిష్యుణ్ణి మాటలతో పడగొడితే ఆయనకు గిట్టదు. పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి ముందుకు తోశాడు.

“తీసుకోప్పా.”

తాంబూలం ఇస్తే వద్దనడం వెంకటగిరియప్ప ఎరగడు. చెయ్యి దానంతటదే పోయింది. నోరు ఎర్రబడ్డాక పాపయ్య నిదానంగా చెప్పాడు.

“మా తావ తాంబూలం తీసుకుంటే కుస్తీకి ఒప్పుకున్నట్టే. మీ తాత బదులు నువ్వు. ఆదివారం సాయంత్రం వచ్చేయ్.”

ఆ వారమంతా అన్నం సయించలేదు. గజంబద్ద పట్టుకుంటే కొలత తప్పి, యజమాని చేత చీవాట్లు తిన్నాడు. అంగడి ముందు ఏ బలిసిన మెడ పోతున్నా బట్టల చాటుకు నక్కేవాడు. హొసకోటెలో మేనమామ ఇంటికి పారిపోదామనుకున్నాడు. అప్పటికే పేటంతా ఇదే మాట. దొడ్డప్ప మనవడు పారిపోయాడంటే తాత పేరు గంగలో కలుస్తుంది. వెళితే తన ఎముకలు పోతాయి, వెళ్లకపోతే తాత పరువు పోతుంది. ముసలి అవ్వకు మిగిలిన ఆస్తి ఆ పరువొక్కటే.

చివరికి ఆమెతోనే చెప్పుకున్నాడు. వద్దంటుందని ఆశ.

“పోయిరా నాయనా, ఏమీ కాదు,” అంది సొన్నమ్మ, రాగులు చెరుగుతూనే.

తల్లి లేని తనను సాకిన అవ్వ అంత తేలిగ్గా అనేసరికి అతనికి ఏడుపొచ్చింది.

ఆదివారం గరిడీలో ఇసుక వేస్తే రాలడం లేదు. ఎవరో లంగోటీ కట్టారు. ఎవరో ముందుకు తోశారు. ఎర్రమట్టిలో కాలు పెట్టగానే మోకాళ్లు వణికాయి. ఎదురుగా నరసింహప్ప తొడ చరిచాడు.

ఆ చప్పుడుకు వణుకు నడుం దాటి పైకి పాకింది. పళ్లు టకటకలాడాయి. తల ఊగిపోయింది. కళ్లు తేలేశాడు. ‘అవ్వా’ అని అరవబోతే, ఎండిన గొంతులోంచి వికారమైన కూత ఒకటి వచ్చింది.

జనం నాలుగడుగులు వెనక్కి జరిగారు.

దొడ్డప్పను కళ్లారా చూసినవాడు అక్కడ పాపయ్య ఒక్కడే, అదీ చిన్నతనంలో. ఆ ముసలాయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు.

“ఆయనే! దొడ్డప్ప వచ్చినాడు! మనవడి మిందికి వచ్చి నిలబడుకోని ఉండాడు!”

ఎవరో టెంకాయ కొట్టారు. ఎవరో కర్పూరం వెలిగించారు. ఆ మంట ముఖం దగ్గరికి తెచ్చేసరికి వెంకటగిరియప్ప ఇంకా వణికాడు.

నరసింహప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. బతికున్నవాడు ఎవడైనా సరే, ఎక్కడ పట్టుకోవాలో తనకు తెలుసు. చచ్చినవాణ్ణి ఎక్కడ పట్టుకోవాలి? అందులోనూ గురువే చేతులు జోడించిన మనిషిని!

“తప్పాయ సామీ, నా చేత కాదు,” అని మట్టిలో బోర్లా పడి కాళ్లు పట్టుకున్నాడు. పట్టుకున్న చేతులు కూడా వణుకుతున్నాయి.

పూలదండ వేసి, డప్పులతో ఊరేగించి వెంకటగిరియప్పను ఇంటి దగ్గర దింపారు. తలుపు గడియ పెట్టుకుని అతను అవ్వ ఒళ్లో తల దూర్చి భోరుమన్నాడు.

“పూనకము కాదవ్వా. ఉత్త భయం. తాతను తలుచుకోని అంతమంది మొక్కితే, నేను మోసం చేసినా. నిజంగా కుస్తీ పట్టి గెలిచినోని పేరు చెడగొట్టినా.”

సొన్నమ్మ మనవడి ఒంటి మీది మట్టిని కొంగుతో తుడిచింది. వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“సుమ్నె ఉండు నాయనా, ఏడవొద్దు, మీ తాత గూడా జన్మలో ఒక్కని మిందా చెయ్యి వేసినోడు కాదు, గెలిచినవన్నీ ఇట్లా వణికి గెలిచినవే.”