గట్టి రకం

బాయిలర్ దగ్గర పనిచేసే అన్న పచ్చబొట్టుకని వచ్చి నా ఆల్బమ్ తిప్పుతున్నాడు. నేను ఒక్కో రకం చూపిస్తున్నాను. సన్న గీతలది, చుక్కలతో నింపేది, నలుపులో నీడలు తేలేది, రంగులది, ఫొటో దించినట్టు ముఖం వేసేది.

"వీటిలో గట్టిది ఏది తమ్ముడూ?"

"చెప్పులేమన్నా కొంటున్నావా అన్నా, గట్టిదనం చూడ్డానికి? అందం చూడు."

"అందం నాకెందుకులే. లావు గీతలతో నా పేరు రాయి. రెండు చేతులకీ, రెండు కాళ్లకీ, వీపు మీదా."

నాకు ఒళ్లు మండింది. నేర్పే దిక్కులేక, నా తొడ మీదే పొడుచుకుంటూ నేర్చుకున్న పని ఇది.

"ఒళ్లేమన్నా గోడా? నీ పేరు నువ్వే మర్చిపోతావా?"

"నేను కాదులే. మొన్న మా బాయిలర్ పేలుడులో పోయినవాళ్లని వాళ్ల ఆడవాళ్లు పోల్చుకోలేకపోయారు. మా ఆవిడ అసలే పిరికిది."

"మళ్లీ అక్కడికే పోతావా?"

"ఇంకెక్కడికి పోను?"

ఆల్బమ్ మూసేశాను. నిప్పుకి ఏ రకం నిలుస్తుందో నాకూ తెలియదు.

"సూది బాగా లోతుగా దించు," అన్నాడు చొక్కా విప్పుతూ.

లోతుగా దించితే సిరా చెదిరి అక్షరాలు అలుక్కుపోతాయి. "అలాగే అన్నా," అని సూది పైపైనే ఆనించాను.