తెర కింది సగం

“హూ అని కొట్టి కొట్టి ఆ ఎంటర్ బటన్ అరగదీసేస్తావా చెల్లెమ్మా?” అన్నాడు నౌషాద్. “వాచ్ హూ అని కొట్టి వదిలెయ్. మిషన్లోకి ఎవరొచ్చారో రెండు సెకన్లకోసారి అదే చూసి చెబుతుంది.”

శర్వాణి సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే అలాగే కొట్టింది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఇంకా ‘గురు’ అన్న పేరు తెర మీదికి రాలేదు.

తిరువూరు బస్టాండు వెనకున్న నౌషాద్ కంప్యూటర్ సెంటర్లో లైనక్స్ ఉన్నది ఆ ఒక్క మిషన్లోనే. పెళ్లికి ముందు శర్వాణి దాని మీదే పిల్లలకి కమాండ్లు నేర్పేది. ఆ లైనక్స్ ఎక్కించి, ఫోను లైను మీద బయటూరి నుంచి కూడా లోపలికి రావడానికి మోడెం తగిలించిన విస్సన్నపేట గురుచరణే ఇప్పుడు ఆమె మొగుడు. జ్యేష్ఠంలో పెళ్లయింది. పదిహేను రోజులు తిరక్కుండానే ఆషాఢం వచ్చిపడింది. ఆ నెల కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదు కదా, పుట్టింటికి వచ్చేసింది.

నిజం చెప్పాలంటే, వచ్చేటప్పుడు ఆమెకి పెద్ద బెంగేం లేదు. ఆ ఇంట్లో మాటకి కరువు. మొగుడు దేనికైనా ‘ఊ’ అంటాడు. కూర బాగుందా అన్నా ఊ, ఉప్పెక్కువైందా అన్నా ఊ. అత్తగారు ఉమామహేశ్వరి ఆపాటి కూడా అనదు. పొద్దున్నే గడపకి పసుపు రాయడం, ఆ పసుపు చేతులతోనే వంటింట్లోకి వెళ్లిపోవడం. ఒక్కసారి మాత్రం మొగుడి కంప్యూటర్‌కున్న మోడెం కూత విని గది గుమ్మంలోకి వచ్చి, “ఇది ఎవర్ని పిలుస్తోంది?” అని అడిగింది. ‘గురు’ అన్న పేరుతో తిరువూరు మిషన్లోకి ఎలా వెళ్లాలో, టాక్ అని కొడితే అక్కడివాళ్లతో ఎలా మాట్లాడొచ్చో శర్వాణి చూపించింది. ఆవిడ తలాడించి వెళ్లిపోయింది. ఆ పదిహేను రోజుల్లో ఆవిడ నోట్లోంచి వచ్చిన పెద్ద మాట అదే.

తను అక్కర్లేని ఇంటికి మళ్లీ వెళ్లడం దేనికి? ఏదో వంక చెప్పి ఇక్కడే ఉండిపోదామనుకుంది. పాత ఉద్యోగం మళ్లీ ఇస్తానని నౌషాద్ కూడా అన్నాడు.

ఆషాఢం మొదలైన వారానికి, ఒక మధ్యాహ్నం, నౌషాద్ సెంటర్లో ఆ మిషన్ ముందు కూర్చుని ఉండగా, ‘గురు’ టాక్‌కి పిలుస్తున్నట్టు తెర మీద కబురొచ్చింది. శర్వాణి గబగబా జవాబు కొట్టింది. తెర రెండు సగాలైంది. పై సగంలో తను కొట్టేది, కింది సగంలో అవతలి మనిషి కొట్టేది. కొడుతున్న అక్షరం కొడుతున్నట్టే కనిపిస్తుంది. చెరిపినా కనిపిస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట, చాలా నెమ్మదిగా, ఒక్కో అక్షరమే దిగింది.

“అన్నం తిన్నావా?”

కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించే మనిషి ఇంత నెమ్మదిగా కొడుతున్నాడంటే ఎంత ఆలోచించి కొడుతున్నాడో అనుకుంది శర్వాణి. ఆ పూట ఆమెకి నేల మీద కాలు నిలవలేదు.

ఇక రోజూ రెండింటికి అదే వరస. “నువ్వు నాటిన చామంతి మొగ్గేసింది.” “నువ్వు లేక ఇల్లు బోసిగా ఉంది.” ఆదివారాలు ఫోను చేసినప్పుడు మాత్రం మళ్లీ పాత మొగుడే. “రేపు రెండింటికి వస్తారుగా?” అంటే “ఊ.” పక్కనే నాన్న ఉండేవాడు, అంతకుమించి ఏమడుగుతుంది?

ఈ రోజు వాచ్ పుణ్యమా అని, ‘గురు’ రాగానే తనే పిలిచింది. మనసులో నలుగుతున్నది ధైర్యం చేసి అడిగేసింది. “అత్తయ్యకి నేనంటే ఇష్టం లేదా అండీ?”

కింది సగం కదల్లేదు. లైను పోయిందేమోనని ఇంకో తెర తెరిచి, లోపలున్నవాళ్లు ఏం చేస్తున్నారో చెప్పే ‘డబ్ల్యూ’ కమాండ్ కొట్టి చూసింది. లైను ఉంది, మనిషే ఏమీ కొట్టడం లేదు. తిరిగొచ్చేసరికి అక్షరాలు పడుతున్నాయి. పడి చెరిగిపోయాయి. మళ్లీ పడ్డాయి.

“ఆవిడకి మాట్లాడటం చేతకాదు. నువ్వొచ్చాక ఇంట్లో గాజుల చప్పుడు వినపడిందని మురిసిపోయింది.”

శర్వాణి పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. తల్లి మనసు ఇంత బాగా తెలిసిన కొడుకుని ‘ఊ’ల మనిషని వెక్కిరించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

“త్వరగా వచ్చెయ్” అని కింద పడింది. ఆ మాటని ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఎంత చూసినా తనివి తీరలేదు.

“ఉద్యోగం సంగతి ఏం చేశావమ్మా?” అని వెనకనుంచి అడిగాడు నౌషాద్.

“వద్దన్నయ్యా. నా కోసం ఎదురుచూసేవాళ్లున్నారక్కడ.”

“నాకు తెలీదేంటి?” అని నవ్వాడు.

శ్రావణం రాగానే గురుచరణ్ వచ్చి తీసుకెళ్లాడు. బస్సులో ఎన్ని కబుర్లు చెప్పినా ‘ఊ’ అన్నాడంతే. ఆ ‘ఊ’ వెనకేముందో ఇప్పుడు ఆమెకి తెలుసు కాబట్టి ముద్దొచ్చింది. గుమ్మంలో అత్తగారు ఎదురొచ్చి, బొట్టు పెట్టి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది.

శర్వాణి తిన్నగా కంప్యూటర్ దగ్గరికి నడిచింది.

“ఇదే లేకపోతే నేను తిరిగొచ్చేదాన్ని కాదండీ” అంది గుసగుసగా.

గురుచరణ్ ఈసారి ‘ఊ’ అనలేదు. అయోమయంగా చూశాడు. “దీనికేంటి? నేను దాని మొహం చూసి నెలైంది. ఎ.కొండూరు బళ్లో కంప్యూటర్లు బిగించే పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం.”

 శర్వాణి మెల్లగా కీబోర్డు మీద కప్పిన గుడ్డ తీసింది.

తెల్లటి అక్షరాల మీటల నిండా పసుపు వేలిముద్రలు.