ముందు ఫొటో

"బల్లలన్నీ బయట పెట్టించండి సార్. పిల్లలు నేల మీద కూర్చోవాలి," అంది ఇతిశ్రీ నీరసంగా. పొద్దున్నుంచి ఇది మూడో బడి. నిరుడు తమ కంపెనీ తరఫున ఈ బడులకు బల్లలు పంచినప్పుడు ‘ఇవ్వకముందు’ ఫొటో తీయడం మరిచిపోయారు. ఇప్పుడు భువనేశ్వర్ ఆఫీసు అది కావాలంటోంది.

ఈ కొరాపుట్ కొండబడిలో ఐదు తరగతులకూ దైతారి సార్ ఒక్కడే. ఆయన పిల్లల వైపు తిరిగి తలూపాడు. పిల్లలే బల్లలు బయటికి మోసి, లోపలికొచ్చి బాసింపట్లు వేసుక్కూర్చున్నారు.

"నవ్వొద్దర్రా," అన్నాడాయన.

ఫొటో అయింది. "ఇక లోపల పెట్టించేయండి," అందామె.

"బయటే ఉండనీండి మేడమ్. సోమవారం సిమెంటు కంపెనీవాళ్లొస్తున్నారు. వాళ్లిచ్చేదీ బల్లలే."

"ఉన్నాయని చెప్పొచ్చుగా!"

"వద్దంటే మళ్లీ ఈ గుమ్మం తొక్కరు. నేను ఉత్తరం రాసి అడిగింది లెక్కల టీచర్ని. టీచరు వీపు మీద కంపెనీ పేరు రాయలేరు కదా!"

ఇతిశ్రీ చూపు బయటున్న బల్ల వెనకవైపు చెక్క మీద మెరుస్తున్న తమ కంపెనీ పేరు మీద పడింది.

"మరి... మమ్మల్నేం అడిగారు సార్?"

ఆయన చాక్‌పీసు అందుకున్నాడు.

"మీకు రాసిందీ ఆ ఉత్తరమే మేడమ్. పైన పేరొక్కటే మార్చాను."