టీచరుగారి తాలూకు

లెక్కలు చెబుతూ చెబుతూ తరగతి గదిలోనే కళ్ళు తిరిగి పడిపోయాను. తెలివొచ్చేసరికి ఆఫీసు గదిలో బల్ల మీద ఉన్నాను. గుమాస్తా ఎవరికో ఫోను చేస్తోంది.

నా సంచీలో ఫోను మోగింది.

ఈ పరాయి దేశంలో ఉద్యోగంలో చేరిన రోజు, ‘ఆపదలో ఎవరికి కబురు చెయ్యాలి’ అన్నచోట ఇంకెవరూ తట్టక నా నంబరే రాశాను. ఫోను ఎత్తాను.

“మా టీచరుగారు పడిపోయారండీ. కంగారేం లేదు, వచ్చి తీసుకెళ్తారా?” అంది, రెండడుగుల దూరం నుంచి నన్నే చూస్తూ.

“నేనే కదమ్మా టీచర్ని!”

“తెలుసు మేడమ్. తాలూకు మనుషులు రాకుండా పంపకూడదు. రూలు.”

ఒళ్ళు మండింది. కానీ పోట్లాడే ఓపిక లేదు. గోడ పట్టుకుని గుమ్మం దాటి, మళ్ళీ లోపలికొచ్చాను. వచ్చినవాళ్ళ పుస్తకంలో సంతకం పెట్టి, ‘ఏమవుతారు’ అన్న గడి దగ్గర ఆగిపోయాను.

“అది ఖాళీగా వదిలేయండి,” గుమాస్తా గొంతు తగ్గించింది. “ఆవిణ్ణి కాస్త దగ్గరుండి చూసుకోండి. ఆవిడ కోసం ఎవరైనా రావడం ఆరేళ్ళలో ఇదే మొదటిసారి.”